రంగస్థలం: మీ ప్రశ్న – మాస్టారి జవాబు

ప్రశ్న: మాస్టారూ, నేను గాజువాకలో ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ చదువుతున్నాను. టెన్త్‌లో స్కూలు వార్షికోత్సవానికి నాటిక వేశాను. అప్పట్నించీ అదే ధ్యాస. కాలేజీలో కూడా నాటకమే చదివి, నాటకంతోనే బతకాలని ఉంది. ఇంట్లో బీటెక్ అంటున్నారు. ‘నాటకాలేసి ఎవరు బాగుపడ్డారే?’ అంటుంది అమ్మ. రాత్రిపూట రిహార్సల్స్ అంటే నాన్న ఒప్పుకోరు. నా మాటలో శ్రీకాకుళం యాస ఉందని క్లాసులో నవ్వుతారు. ఇంటర్ అవగానే ఢిల్లీ ఎన్‌ఎస్‌డీకి వెళ్లొచ్చా? సెలక్షన్‌కి ఏం సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మాయీ, ఇంటర్ అవగానే ఢిల్లీ కుదరదు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సుకి డిగ్రీ ఉండాలి. ఏ సబ్జెక్టయినా ఫర్వాలేదు. అప్పటికే కొన్ని నాటకాల్లో పనిచేసి ఉండాలి, హిందీ, ఇంగ్లిష్ వచ్చి ఉండాలి. సీట్లు చాలా తక్కువ. సీటొస్తే మాత్రం నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు. ఈ చివరి ముక్క మీ అమ్మగారికి వినపడేలా చదువు.

ఎలాగూ డిగ్రీ చెయ్యాల్సిందే కాబట్టి, ఇప్పుడు తేలాల్సింది ఏ డిగ్రీ అన్నదే. నన్నడిగితే బీఏ. ల్యాబులూ రికార్డులూ లేకపోతే సాయంత్రాలు నీవి. బీటెక్ తప్పదంటే అదీ పనికొస్తుంది, నిద్ర తగ్గుతుందంతే. ఆ తర్వాత ఢిల్లీ ఒక్కటే దారి కాదు. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే రంగస్థల కళల శాఖ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ ఉంది. ఒక శనివారం సిరిపురం వైపు బస్సెక్కి, ఏయూ శాఖకి వెళ్లి అక్కడి విద్యార్థులతో మాట్లాడిరా. ఫోన్లో చూస్తే తెలిసేది కాదిది.

‘ఎవరు బాగుపడ్డారు’ అన్న మీ అమ్మగారి మాట కొట్టిపారేసేది కాదు. ఈ ఊళ్లో నాతో నాటకాలాడినవాళ్లంతా పగలు పోర్టులోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో ఉండేవారు. నేనూ పోర్టు గుమాస్తానే. జె.వి.సోమయాజులుగారు రెవెన్యూ ఉద్యోగం చేసుకుంటూనే ‘కన్యాశుల్కం’లో రామప్పంతులు వేశారు. తమ్ముడు రమణమూర్తిగారు గిరీశం. ‘శంకరాభరణం’ 1980లో వచ్చేనాటికి సోమయాజులుగారికి యాభై దాటాయి. (సినిమా ఆశకి ఉదాహరణగా చెప్పడం లేదు సుమా, జీతం సంగతి చెబుతున్నాను.) నాటక పరిషత్తు పోటీల్లో బహుమతి డబ్బు సెట్టుకీ, వ్యానుకీ, భోజనాలకీ చెల్లు. నాటకంతోనే బతకాలంటే నటన ఒక్కటే చాలదు. లైటింగ్, మేకప్, పిల్లలకి నేర్పడం, వీటిలో ఏదో ఒకటి చేతికి రావాలి. లైట్లు నేర్చుకో అంటాను నేను. మన నాటక సమాజాల్లో లైటు బోర్డు దగ్గర ఆడపిల్లని ఇంతవరకూ చూడలేదు, చూడాలని ఉంది.

ఇంకో లోపలి విషయం. మగాళ్లం సరదాకి ఊరికే వేసేవాళ్లం. ఆడవేషానికి మాత్రం పారితోషికం ఇచ్చి, ఒక్కోసారి బయటి ఊరి నుంచి ఆర్టిస్టుని పిలిపించేవాళ్లం. ఆవిడ ఆఖరి రిహార్సల్స్‌కి వచ్చి, పాత్ర ఎత్తుకుని, స్టేజీ మీద మమ్మల్ని మింగేసేది! ఇప్పటికీ మంచి నటీమణుల కోసం సమాజాలు వెతుక్కుంటున్నాయి. ‘డబ్బులెంతిస్తారు’ అని అడగడానికి సిగ్గుపడకు.

రాత్రుళ్ల సంగతి. అందరూ ఆఫీసులయ్యాక రావాలి గనక రిహార్సల్ ఏడింటికి ముందు మొదలవదు, పదయినా తెమలదు. అక్కణ్ణించి గాజువాక చేరాలి. నాన్నగారు స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసే మనిషైతే రాత్రి రోడ్డు ఎలా ఉంటుందో ఆయనకి నువ్వు చెప్పక్కర్లేదు. అందుకే ‘పంపించండి’ అనకు, ‘రండి’ అను. ఒకరోజు ఆయన్నే తీసుకెళ్లి, రిహార్సల్ గదిలో ఒక కుర్చీ వేసి కూచోబెట్టు. అక్కడెవరున్నారో, ఎలా మాట్లాడుకుంటున్నారో ఆయనే చూసుకుంటారు. ఆడపిల్లని ఎవరు దిగబెడతారో ముందే చెప్పని సమాజంలో చేరకు. ఈ విషయంలో నేను మీ నాన్నగారి పక్షం.

యాసా? ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది 1892లో, విజయనగరంలో. అందులో మనుషులు మాట్లాడేది మన వైపు మాటే. నవ్వేవాళ్లని ఒక పేజీ పైకి చదవమను, ఎక్కడ తడబడతారో చూడు. యాస పోగొట్టుకోకు. అవసరమైనచోట పుస్తకాల తెలుగు పలకడం అదనంగా నేర్చుకో. ‘శ, ష, స’లు మాత్రం రోజూ సాధన చెయ్యాల్సిందే, అందులో మినహాయింపు లేదు. హిందీ కూడా ఇప్పుడే మొదలుపెట్టు.

ఇక సిద్ధం చేసుకోవడానికి. ‘కన్యాశుల్కం’ అనగానే ప్రతి అమ్మాయీ మధురవాణినే పట్టుకుంటుంది. నువ్వు వెంకమ్మని తీసుకో. కూతురు సుబ్బిని ముసలాడికి కట్టబెడతానంటున్న మొగుడితో తగువు పడే ఇల్లాలు. భయం, కోపం, ఏడుపు అన్నీ ఒక్క గొంతులోంచి రావాలి. అవతల ఆ మొగుడు అగ్నిహోత్రావధానుల్లా కేకలేసేవాళ్లు లేకపోతే ఆ సీను నడవదు. అవధానుల మాటలు మీ అమ్మగారి చేత చదివించు. బీటెక్ గురించి ఎలాగూ గట్టిగానే అరుస్తున్నారుగా.