హెచ్చరిక అడుగున కాదు, పైన ఉండాలి

చిరంజీవి సింధుకు, ఆశీస్సులు.

మాదాపూర్‌లో టెక్నికల్ రైటర్‌గా చేరగానే నీకు పెద్ద ప్రశ్నే ఎదురైంది. మీ సాఫ్ట్‌వేర్‌లో డేటా పోయే లోపం ఉందని తెలిసినా, మాన్యువల్‌లో రాయొద్దంటున్నారన్నావు. తెలిసిన లోపాన్ని అలా రాయకుండా వదిలేస్తే అబద్ధమాడినట్టేనా అని అడిగావు. చదివేవాడికి దానివల్ల నష్టం ఉంటే, ముమ్మాటికీ అబద్ధమే.

థెరాక్-25 సంగతి చూడు. 1985-87 మధ్య ఈ రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురికి మితిమీరిన మోతాదు ఇచ్చింది. అసలు తప్పు సాఫ్ట్‌వేర్‌ది, సరైన రక్షణ ఏర్పాట్లు లేని డిజైన్‌ది. కానీ 1986లో టెక్సాస్‌లోని టైలర్‌లో ఆపరేటర్‌కు తెర మీద కనిపించింది ‘మాల్‌ఫంక్షన్ 54’ అన్న ముక్కే. దాని అర్థం మాన్యువల్‌లో లేదు. ‘పి’ నొక్కితే చికిత్స కొనసాగుతుంది కాబట్టి నొక్కేశారు. ఎర్రర్ కోడ్‌ల పట్టిక విసుగు పని అనిపించినప్పుడు ఇది గుర్తు తెచ్చుకో.

మన ఇళ్లలోని ఇన్వర్టర్ బ్యాటరీనే తీసుకో. ‘మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోయండి’ అని 3వ మెట్టులో చెప్పి, హెచ్చరిక చివరి పేజీలో పెడితే ఏం లాభం? అప్పటికి మూత తీసేసి ఉంటారు. ఆ మెట్టుకు పైనే ఇలా రాయి: ‘చార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది. నిప్పురవ్వ తగిలితే బ్యాటరీ పేలి, యాసిడ్ కళ్లలో పడవచ్చు. ఇన్వర్టర్ ఆపండి, కిటికీలు తెరవండి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. నీటిమట్టం చూడటానికి అగ్గిపుల్ల వెలిగించకండి.’ ప్రమాదం ఏమిటి, జరిగితే ఏమవుతుంది, ఎలా తప్పించుకోవాలి: మూడూ వచ్చాయి. ‘జాగ్రత్తగా చేయండి’ అన్న వాక్యంలో ఒక్కటీ లేదు. కొనేవాళ్లు భయపడతారని ‘హెచ్చరిక’ను ‘గమనిక’గా మార్చమంటే మాత్రం ఒప్పుకోకు. కంటిచూపే పోయే ప్రమాదం ఉన్నచోట ‘గమనిక’ చాలదు.

స్క్రీన్‌షాట్లలో అసలు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు వాడకు. పీడీఎఫ్‌లో నల్లపెట్టె గీసినంత మాత్రాన కింది అక్షరాలు చెరిగిపోవు, కాపీ చేస్తే బయటికొస్తాయి.

ఇక నీ సమస్య. వాదన పెట్టుకునే ముందు వాక్యం రాసి చూపించు: ఏ వెర్షన్‌లో, ఏం చేస్తే, ఏ డేటా పోతుంది, ముందు బ్యాకప్ ఎలా తీసుకోవాలి. అది నిజమేనని ఇంజనీర్ చేత మెయిల్‌లో ఖాయం చేయించుకో. అప్పటికీ తీసేయమంటే, ఆ మాట మెయిల్‌లోనే చెప్పమని మర్యాదగా అడుగు. ఇలా అడిగాక చాలామంది మెత్తబడతారు. మెత్తబడకపోతే క్వాలిటీ విభాగానికి వెళ్లు. కోడ్ ఎలా పనిచేస్తుందన్నది కంపెనీ రహస్యం, దాన్ని కాపాడాల్సిందే. తన డేటా పోతుందన్నది మాత్రం వాడేవాడికి తెలియాల్సిన విషయం. ఈ రెండూ ఒకటేనని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

ఆ వాక్యం ఈ వారంలోనే రాసి నాకు పంపు, చూస్తాను.