పెట్ స్కాన్‌లో ఎస్‌యూవీ ఎక్కువగా ఉంటే ప్రమాదం ఎక్కువనే అర్థమా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. చాలాకాలం బీడీలు కాల్చారు. ఊపిరితిత్తిలో గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్షించి, స్క్వామస్ సెల్ క్యాన్సర్ అన్నారు. పెట్ సీటీ రిపోర్టులో ఎస్‌యూవీ మ్యాక్స్ 14 అని ఉంది. అడినోకార్సినోమా ఉన్న మా బంధువు ఒకరికి అది 5 మాత్రమే వచ్చింది. నాన్నగారి జబ్బు అంత తీవ్రమైనదా? ఆయనకు షుగర్ కూడా ఉంది. తీపి, అన్నం పూర్తిగా మాన్పించమంటారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ రెండు అంకెలూ రెండు వేర్వేరు రకాల క్యాన్సర్లకు సంబంధించినవి కాబట్టి, వాటిని పక్కపక్కన పెట్టి ఎవరి జబ్బు తీవ్రమో తేల్చడం సరికాదమ్మా. పెట్ స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే ఎఫ్‌డీజీ అనే మందు గ్లూకోజును పోలి ఉంటుంది. గ్లట్-1 అనే ప్రొటీన్ ద్వారా అది కణంలోకి చేరాక, హెక్సోకైనేజ్ అనే ఎంజైము దానికి ఫాస్ఫేటును జతచేస్తుంది. ఆపైన మామూలు గ్లూకోజులా ఖర్చుకాలేక అక్కడే చిక్కుకుపోతుంది. ఆక్సిజన్ అందుతున్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకుని లాక్టేటుగా మారుస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. అందుకే ఎఫ్‌డీజీ వాటిలో ఎక్కువగా చేరి, స్కాన్‌లో ఆ చోటు వెలుగుతుంది. అది ఎంత చేరిందో చెప్పే కొలతే ఎస్‌యూవీ.

స్క్వామస్ సెల్ రకంలో గ్లట్-1 సాధారణంగా ఎక్కువగా ఉంటుంది; అందువల్ల ఎస్‌యూవీ ఎక్కువగా రావడం ఆ రకానికి ఉన్న స్వభావమే. అడినోకార్సినోమాలో మాత్రం తేడాలు చాలా ఎక్కువ. గాలి తిత్తుల గోడల వెంబడి నెమ్మదిగా పాకే రకం స్కాన్‌లో దాదాపు కనిపించకపోవచ్చు, దూకుడుగా పెరిగే రకం బాగా వెలగవచ్చు. అందుకే తొలిదశలో ఆపరేషన్ చేసిన అడినోకార్సినోమాలో ఎస్‌యూవీ ఎక్కువగా ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని ఆ అంకె కొంతవరకు సూచించగలదు. స్క్వామస్‌లో చాలామందికి ఎటూ ఎక్కువే వస్తుంది కాబట్టి అది అంతగా వేరు చేసి చెప్పలేదు. కార్సినాయిడ్ అనే నెమ్మదైన రకంలో ఎఫ్‌డీజీ చాలా తక్కువగానే చేరుతుంది. స్మాల్ సెల్ రకం బాగా వెలుగుతుంది, అక్కడ వెలిగిన భాగం మొత్తం పరిమాణం ఎంతన్నది ఒక్క ఎస్‌యూవీ కంటే ఎక్కువ విషయం చెబుతుంది.

నాన్నగారి విషయంలో నేను ముందుగా చూసేది 14 అనే అంకెను కాదు, జబ్బు దశను: గడ్డ ఎంత పెద్దది, ఛాతీ మధ్యలోని లింఫ్ గ్రంథులకు పాకిందా, ఇతర అవయవాలకు చేరిందా అన్నది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన ప్రాంతంలో క్షయ ఎక్కువ, క్షయ సోకిన గ్రంథులు కూడా స్కాన్‌లో వెలుగుతాయి. గ్రంథి వెలిగింది కాబట్టి క్యాన్సర్ పాకిందని, ఆపరేషన్ కుదరదని అనుకునే ముందు ఆ గ్రంథిలోంచి కూడా నమూనా తీసి పరీక్షించమని మీ డాక్టర్‌ను తప్పక అడగండి. మెదడు సహజంగానే గ్లూకోజును ఎక్కువగా వాడుతుంది కనుక అక్కడికి చేరిన చిన్న గడ్డలు పెట్ స్కాన్‌లో మరుగున పడవచ్చు. దానికి ఎమ్మారై చేయించాల్సి రావచ్చు.

ఇక ఆహారం సంగతి. అన్నం మాన్పిస్తే గడ్డ ఎండిపోదు. తినకపోయినా కాలేయం గ్లూకోజును తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. బక్కచిక్కేది మాత్రం నాన్నగారే. బరువు తగ్గిన రోగులు కీమోథెరపీని, రేడియేషన్‌ను తట్టుకోవడం కష్టమవుతుంది, ఇది నన్ను నిజంగా బాధించే విషయం. షుగర్ అదుపు కోసం తీపి తగ్గించండి, అన్నం మితంగా పెట్టండి, పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు బాగా ఇవ్వండి.

చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి మళ్లీ పెట్ స్కాన్ చేయాల్సి వస్తే, వీలైనంతవరకు అదే సెంటర్‌లో, అదే యంత్రం మీద చేయించండి. కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, నీళ్లు తాగవచ్చు. రక్తంలో చక్కెర 200 మిల్లీగ్రాములు దాటి ఉంటే అది ఎఫ్‌డీజీతో పోటీపడి గడ్డ ఎస్‌యూవీని తక్కువగా చూపించవచ్చు. స్కాన్‌కు కాస్త ముందు ఇన్సులిన్ తీసుకుంటే ఎఫ్‌డీజీ కండరాల్లోకి మళ్లిపోతుంది. అందువల్ల ఆ రోజు షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఏ సమయానికి వేసుకోవాలో ముందురోజే సెంటర్ వారిని అడిగి రాసుకోండి.