కొత్త బ్యాటరీ కొనే ముందు ఎర్త్ బోల్టు దగ్గర మీటరు పెట్టి చూడండి

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట చేరుస్తాను. మీ క్యాంపర్ వ్యాన్‌లో ఇంజిన్ బ్యాటరీ కాక, లోపలి అవసరాల కోసం 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి ఉంది. రూఫ్ మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది. ఏడాది తిరగకుండానే ఆ బ్యాటరీని ఒకసారి మార్చారు. అయినా హైదరాబాద్ నుంచి అనంతగిరి వెళ్లి రాత్రి అక్కడే ఉంటే తెల్లవారేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఉంటోంది, నీళ్ల పంపు తిరిగినప్పుడల్లా లైట్లు మసకబారుతున్నాయి, పొద్దున బ్యాటరీ మీద మీటరు పెడితే మాత్రం 12.4 వోల్టులు చూపిస్తోంది. రెండో బ్యాటరీ చేర్చాలా, లిథియంకు మారిపోవాలా అని అడిగారు. ప్రస్తుతానికి రెండూ వద్దని నా సలహా. ఈ లక్షణాలు బ్యాటరీ కంటే వైరింగ్‌లోని లోపాన్నే బలంగా సూచిస్తున్నాయి. నా వ్యాన్‌లోనూ, మిత్రుల వ్యాన్‌లలోనూ ఇదే పరిస్థితిని చూసి సరిచేశాను కాబట్టి, ఎక్కడ ఏం వెతకాలో వివరంగా రాస్తున్నాను.

లెడ్ యాసిడ్ బ్యాటరీ కొన్ని గంటలు ఏ లోడూ, ఏ ఛార్జింగూ లేకుండా ఉన్నాక 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపిస్తే సగం ఉన్నట్టు, 11.9 కిందికి వస్తే దాదాపు ఖాళీ అయినట్టు లెక్క. ఆ లెక్కన మీ 12.4 అంటే ఇంకా సగం కంటే ఎక్కువే మిగిలి ఉంది. నడుస్తున్నప్పుడు నాలుగైదు ఆంపియర్లు మాత్రమే తీసుకునే ఫ్రిజ్‌ను ఆ బ్యాటరీ హాయిగా నడపగలగాలి. నడపడం లేదంటే కరెంటు బ్యాటరీలో ఉంది, ఫ్రిజ్ దాకా చేరడం లేదు. మేడ మీద ట్యాంకు నిండుగా ఉన్నా పైపులో తుప్పు పేరుకుంటే కుళాయిలో సన్నటి ధారే వస్తుంది. ట్యాంకు మూత తీసి చూసినంత మాత్రాన ఆ సంగతి తెలియదు. అన్నీ ఆపేసి బ్యాటరీ మీద కొలిచే వోల్టేజీ కూడా అంతే. కరెంటు ప్రవహించనప్పుడు ఎంత పాడైన జాయింటు దగ్గరైనా వోల్టేజీ నష్టం సున్నాయే ఉంటుంది. అందుకే మీకు పొద్దున అంతా బాగున్నట్టే కనిపిస్తోంది.

మరి పగలు సవ్యంగా నడిచే ఫ్రిజ్ రాత్రే ఎందుకు ఆగుతోందన్నది చాలామందిని తికమక పెట్టే విషయం. పగలు ఇంజినో, సోలారో ఛార్జ్ చేస్తున్నంతసేపు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.4 వోల్టుల దాకా ఉంటుంది. దారిలో ఒక వోల్టు పోయినా ఫ్రిజ్‌కు 12.5 పైనే అందుతుంది కాబట్టి దానికేమీ తెలియదు. చీకటి పడ్డాక బ్యాటరీ లోడు మీద 12.2కు దిగుతుంది, అందులో ఒక వోల్టు పోతే ఫ్రిజ్‌కు మిగిలేది 11.2. అదే సమయంలో ఎవరైనా లేచి కుళాయి తిప్పితే పంపు మొదలవుతుంది, కరెంటు రెట్టింపు అవుతుంది, దానితోపాటు జాయింటు దగ్గర నష్టమూ రెట్టింపు అవుతుంది. ఫ్రిజ్‌కు అందేది పది వోల్టుల దగ్గరికి పడిపోగానే దానిలోని లో-వోల్టేజీ రక్షణ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. కాసేపటికి మళ్లీ ప్రయత్నిస్తుంది, కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో వోల్టేజీ మళ్లీ పడి మళ్లీ ఆగుతుంది. ఫ్రిజ్ అలా రాత్రంతా నడవలేదు కాబట్టే పొద్దున మీ బ్యాటరీలో అంత ఛార్జి మిగిలి ఉంటోంది. ఫ్రిజ్‌లో లో, మీడియం, హై అనే కటాఫ్ సెట్టింగు ఉంటే అది హైలో ఉందేమో కూడా చూడండి. అది ఇంజిన్ బ్యాటరీని కాపాడడానికి ఉద్దేశించిన సెట్టింగు. వేరే బ్యాటరీ మీద నడిచే ఫ్రిజ్‌కు అది అవసరానికి మించి ముందే ఆపేస్తుంది.

నా వ్యాన్‌లో లోపం డ్రైవరు సీటు వెనక దొరికింది. వ్యాన్‌ను మార్చి ఇచ్చిన వర్క్‌షాపు వారు లైట్లు, ఫ్యాను, పంపు, ఫ్రిజ్‌ల నెగటివ్ వైర్లన్నిటి చివర్లకూ థింబుల్స్ (బోల్టుకు తగిలించే లోహపు రింగులు) వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒకే బోల్టుతో బాడీకి ఎర్త్ ఇచ్చారు, అంటే కరెంటు బాడీ రేకు గుండానే బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లాలి. బోల్టు గట్టిగా బిగించే ఉంది, చేత్తో ఎంత లాగినా కదలలేదు. అయినా ఫ్రిజ్, ఫ్యాను, పంపు మూడూ నడుస్తుండగా మల్టీమీటరును డీసీ వోల్టులకు పెట్టి, నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర ప్రోబును ఆ థింబుల్స్ మీద ఆనిస్తే 0.9 వోల్టు కనిపించింది. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఎర్ర ప్రోబును కదల్చకుండా, నల్ల ప్రోబును బోల్టు పక్కన పెయింటు గీకిన రేకు మీదికి తెస్తే ఇంకా 0.8 ఉంది. అంటే దాదాపు మొత్తం నష్టం ఆ అంగుళం లోపలే జరుగుతోంది. బోల్టు విప్పి చూస్తే అడుగు థింబుల్‌కూ రేకుకూ మధ్య తెల్లటి పెయింటు పొర చెక్కుచెదరకుండా ఉంది. కరెంటు బోల్టు మరల గుండా మాత్రమే దారి చేసుకుని వెళ్తోంది. థింబుల్ ఒక అంచున నల్లగా మాడింది, దాని మెడ దగ్గర రాగి మీద ఆకుపచ్చ పొడి పట్టింది. ఆ మూడు పరికరాలూ కలిపి దాదాపు 12 ఆంపియర్లు తీసుకుంటాయి, 0.8 వోల్టుతో గుణిస్తే ఆ ఒక్క బోల్టు దగ్గరే పది వాట్ల వేడి పుడుతోంది. దాని పక్కనే ప్లైవుడ్డు, ఫోము ఉన్నాయి. లైట్లు మసకబారడాన్ని చిన్న చిరాకుగా తీసుకోకండి అని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

పెయింటును ఎమెరీ పేపరుతో గీకి, రేకు మెరిసేదాకా శుభ్రం చేసి, థింబుల్స్ మార్చి, స్టార్ వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాక అదే లోడుతో అక్కడి రీడింగు 0.05 వోల్టుకు దిగింది. జెల్లీ బిగించిన తరువాతే పూయాలి.

మీరు కూడా ఇదే వరుసలో వెళ్లండి. ఫ్రిజ్, పంపు, ఫ్యాను అన్నీ వేసి ఉంచి ముందు బ్యాటరీ పోస్టుల మధ్య కొలవండి, వెంటనే ఫ్రిజ్ వైరు చివర కొలవండి. రెండిటికీ తేడా 0.4 వోల్టు లోపల ఉంటే వైరింగ్‌ను అనుమానించాల్సిన పని లేదు. అంతకంటే ఎక్కువుంటే ఆ తేడా పాజిటివ్ వైపు ఎంతో, నెగటివ్ వైపు ఎంతో విడదీయాలి. పాజిటివ్ పోస్టు నుంచి ఫ్యూజు దాకా, ఫ్యూజు ముందు నుంచి వెనక దాకా, అక్కడి నుంచి స్విచ్చు దాకా ఒక్కొక్క అడుగుగా ప్రోబులు జరుపుతూ పోతే ఎక్కడ రీడింగు ఒక్కసారిగా పెరిగిందో అక్కడే లోపం. లైను మధ్యలో వేలాడే ప్లాస్టిక్ ఫ్యూజు హోల్డర్లను, సిగరెట్ లైటర్ సాకెట్లను ప్రత్యేకంగా చూడండి. ఫ్రిజ్‌లతో వచ్చే ఆ లైటరు ప్లగ్గు స్ప్రింగు ఒత్తిడి మీద మాత్రమే నిలబడుతుంది, వ్యాన్ కుదుపులకు వదులవుతుంది, గంటల తరబడి నడిచే పరికరానికి అది పనికిరాదు. నేను ఎవరి వ్యాన్ చూసినా మొదట దాన్ని తీయించి గట్టిగా పట్టుకుని ఉండే ఆండర్సన్ కనెక్టరు వేయిస్తాను.

జాయింట్లన్నీ బాగుండి కూడా నష్టం కనిపిస్తే వైరు సన్నగా ఉందని అర్థం. బ్యాటరీకీ ఫ్రిజ్‌కూ మధ్య 5 మీటర్లు ఉంటే రానూపోనూ 10 మీటర్ల వైరు అవుతుంది. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరైతే దాని నిరోధం సుమారు 0.13 ఓములు, 5 ఆంపియర్లకు 0.65 వోల్టు అక్కడే పోతుంది. అదే 6 స్క్వేర్ ఎంఎం వేస్తే నష్టం 0.17కు తగ్గుతుంది. ఇంట్లో 230 వోల్టులకు అర వోల్టు పోతే ఎవరికీ పట్టదు కాబట్టి, ఇళ్ల వైరింగ్‌కు అలవాటు పడినవారు వ్యాన్‌లోనూ అదే సన్నటి వైరు లాగేస్తుంటారు. వైరు కోఠి ట్రూప్ బజార్‌లో కొన్నా, రాణిగంజ్‌లో కొన్నా, ఒక పోగును బ్లేడుతో గీకి చూశాకే తీసుకోండి. లోపల తెల్లగా కనిపిస్తే అది పైన రాగి పూత వేసిన అల్యూమినియం. నిరోధం ఎక్కువ, జాయింట్ల దగ్గర త్వరగా పాడవుతుంది. థింబుల్స్‌ను కటింగ్ ప్లయర్‌తో నొక్కనివ్వకండి, సరైన క్రింపింగ్ టూలుతోనే వేయించండి.

ఇక ఏడాదిలోపే బ్యాటరీ ఎందుకు పోయిందన్నది. దీనికీ వోల్టేజీ నష్టమే కారణం కావచ్చు, కాకపోతే ఈసారి ఛార్జింగ్ దారిలో. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే దాని దగ్గర 14.4 వోల్టులు చాలా గంటలు నిలబడాలి, ఎందుకంటే చివరి ఇరవై శాతం చాలా నెమ్మదిగా ఎక్కుతుంది. అనంతగిరి సుమారు 80 కిలోమీటర్లు, రెండు రెండున్నర గంటల ప్రయాణం. ముందు ఇంజిన్ నుంచి వెనక బ్యాటరీ దాకా సన్నటి వైరు, మధ్యలో రెండు బ్యాటరీలనూ కలిపే స్విచ్చులా పనిచేసే ఒక రిలే మాత్రమే ఉంటే బ్యాటరీకి 13.4 అందడం కూడా గగనమే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక అమ్ముడైన చాలా వాహనాలలో ఆల్టర్నేటరు (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) వోల్టేజీని కంప్యూటరే అవసరాన్ని బట్టి తగ్గిస్తుంది కూడా. ఇలా నెలల తరబడి సగం నిండి, సగం ఖాళీ అవుతూ ఉండే బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, ఎంత ఛార్జ్ చేసినా కెపాసిటీ తిరిగి రాదు. ఇంజిన్ నడుస్తుండగా ఆల్టర్నేటరు దగ్గర, వెనక బ్యాటరీ పోస్టుల దగ్గర ఒకేసారి కొలిచి చూడండి. అర వోల్టుకు మించి తేడా ఉంటే దీనికి సరైన పరిష్కారం డీసీ-డీసీ ఛార్జరు. అది తక్కువ వోల్టేజీ వచ్చినా పెంచి బ్యాటరీకి కావలసినంత ఇస్తుంది.

లిథియం విషయంలో నా అభిప్రాయం ఇది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచి బ్యాటరీయే, తేలిక, కెపాసిటీలో ఎక్కువ భాగం వాడుకోవచ్చు. లెడ్ యాసిడ్‌లో సగం దాటి వాడితే ఆయుష్షు తగ్గిపోతుంది. అయితే పెయింటు మీద బిగించిన ఎర్త్ బోల్టును లిథియం బాగుచేయదు. పైగా లోపలి నిరోధం తక్కువ కాబట్టి రిలే ద్వారా నేరుగా కలిపితే ఆల్టర్నేటరు నుంచి ఎక్కువ కరెంటు లాగి దాన్ని వేడెక్కిస్తుంది. కాబట్టి వైరింగ్ బాగుచేసి, డీసీ-డీసీ ఛార్జరు పెట్టించాకే ఆ ఆలోచన చేయండి. మారినా, వోల్టేజీ చూసి ఛార్జి అంచనా వేసే పద్ధతి దానికి పనికిరాదు, షంట్ ఉన్న మానిటరు, అంటే బ్యాటరీలోకి వచ్చి పోయే కరెంటును లెక్కగట్టేది కావాలి.

అన్నీ ఆపేసినా బ్యాటరీ దిగిపోతోందా అన్నది వేరే పరీక్ష. డీసీ కొలిచే క్లాంప్ మీటరును నెగటివ్ కేబుల్ చుట్టూ పెట్టి చూడండి. తక్కువ ధరకు దొరికే క్లాంప్ మీటర్లలో చాలావాటికి ఏసీ మాత్రమే వస్తుంది, కొనేటప్పుడు అడిగి తీసుకోండి. ఊరికే ఆన్‌లో ఉంచిన ఇన్వర్టరు ఒక్కటే ఒక ఆంపియరు దాకా లాగవచ్చు, రాత్రికి పది ఏహెచ్. సోలార్ ప్యానెల్ మీద ఒక మూల చెట్టు నీడ పడినా ఉత్పత్తి సగానికి పైగా పడిపోవచ్చు, అనంతగిరిలో నీడ చూసి వ్యాన్ నిలిపేవారికి ఇది తెలియడం అవసరం. మే నెల ఎండలో మూసిన వ్యాన్‌లో ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు ప్రతి పది డిగ్రీలకూ సుమారు సగానికి తగ్గుతుంది, డిస్టిల్డ్ వాటరు కూడా త్వరగా తగ్గుతుంది. బ్యాటరీ ఉంచిన పెట్టెకు బయటికి గాలి వెళ్లే దారి తప్పనిసరి, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఉంగరం, వాచీ తీసేయండి, సోలార్‌ను ఆపండి, కేబుళ్లు విప్పేటప్పుడు నెగటివ్‌ను ముందు తీయండి. పాజిటివ్ పోస్టుకు జానెడు దూరంలోపు మెయిన్ ఫ్యూజు లేకపోతే మిగతా అన్నిటికంటే ముందు అది పెట్టించండి. ఇన్వర్టరు తరువాతి 230 వోల్టుల వైపు మీరు ముట్టుకోకండి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించండి.

ఫ్రిజ్, పంపు నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల మధ్య వోల్టేజీ, అదే సమయంలో ఫ్రిజ్ వైరు చివర వోల్టేజీ, బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ ఎర్త్ బోల్టు మీది థింబుల్‌కూ మధ్య వోల్టేజీ, ఇంజిన్ నడుస్తుండగా ముందూ వెనకా రీడింగులు, వాటితోపాటు ఫ్రిజ్‌కు వేసిన వైరు మందం, పొడవు ఈ సమాధానం కింద రాయండి. అవి చూశాక ఏ జాయింటు విప్పాలో, ఏ వైరు మార్చాలో చెబుతాను.