పోకర్ యాప్ మూతపడింది, డబ్బు సంగతేంటి?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ తర్వాత పోకర్, రమ్మీ లాంటి పేకాట యాప్‌లు వరసగా ఆట ఆపేశాయి. దీనిపై వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కొన్నేళ్లుగా ఫోన్‌లో పోకర్ ఆడాను. పాత ఆటలు తవ్వి నామీద కేసు పెడతారా? – ఒక పాఠకుడు, గుంటూరు

కేంద్ర చట్టంలో ఆడినవాళ్లకు శిక్ష లేదు. ఆట నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. డబ్బు లావాదేవీలకు సాయపడినవాళ్లకూ అంతే. ప్రకటనలు చేసినవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు.

ఇక్కడ చాలామంది ఏమరుపాటుగా ఉండే సంగతి ఒకటుంది. రిఫరల్ కోడ్ వాట్సాప్ గ్రూపులో పంచడం, టేబుల్ ఆటను యూట్యూబ్‌లో లైవ్ పెట్టి కింద సైట్ లింకు ఇవ్వడం ప్రకటన కిందికి రావచ్చు. స్నేహితుడి డిపాజిట్ కోసం మీ యూపీఐ వాడనివ్వడం లావాదేవీకి సాయం అనిపించుకోవచ్చు. అలాంటి లింకులు, పోస్టులు ఉంటే ఈరోజే తీసేయండి.

మీరు గుంటూరు నుంచి రాశారు కాబట్టి ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర జూద చట్టానికి 2020లో చేసిన సవరణతోనే ఆన్‌లైన్ పేకాట నిషేధం. కేంద్ర చట్టంలా కాకుండా రాష్ట్ర చట్టం ఆడినవాళ్లకూ వర్తిస్తుంది, ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది. జీపీఎస్ మార్చి, బెంగళూరులో ఉన్నట్టు చూపించి ఆడినవాళ్లు "కేంద్రం మమ్మల్ని వదిలేసింది" అనుకుంటే పొరపాటే. పోలీసుల నుంచి నోటీసు వస్తే ఫోన్ ఫార్మాట్ చేయకండి, సాక్ష్యం చెరిపేశారన్న అనుమానం కొత్తగా మొదలవుతుంది. నోటీసు తీసుకుని ముందు వకీలు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: పోకర్‌లో లెక్క, నేర్పు కావాలి. నేర్పు ఆట జూదం కాదని సుప్రీంకోర్టే చెప్పిందిగా? – పాఠకురాలు, వరంగల్

చెప్పింది, అదీ మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే. 1967లో సత్యనారాయణ కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట అంది. పోకర్‌కు మాత్రం ఆ స్థాయి తీర్పు లేదు. 2017లో గుజరాత్ హైకోర్టు దాన్ని జూదమనే తేల్చింది.

కొత్త చట్టం అసలు ఆ వాదన అవసరం లేకుండా చేసింది. నేర్పైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా, డబ్బు కట్టి డబ్బు ఆశించి ఆన్‌లైన్‌లో ఆడితే నిషిద్ధమే. దీన్ని సవాలు చేసిన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేసుకుంది. కోర్టు చట్టాన్ని కొట్టేస్తే తప్ప పాత తీర్పు మీకు అండగా నిలబడదు.

ప్రశ్న: యాప్‌లో ఇంకా డబ్బుంది. ఎలా తీసుకోవాలి? పన్ను సంగతేంటి? – ఒక పాఠకుడు, పుణె

ముందు తీసుకునే పని చూడండి. విత్‌డ్రా నొక్కకముందే మొదటి డిపాజిట్ నుంచి ఇప్పటిదాకా ఉన్న లావాదేవీల లెడ్జర్ డౌన్‌లోడ్ చేసుకోండి, యాప్ పూర్తిగా మూసేశాక దొరక్కపోవచ్చు. పాన్‌లో ఉన్న పేరు, బ్యాంకులో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే విత్‌డ్రా వెనక్కి రావచ్చు. బోనస్‌గా చూపించే మొత్తం, టోర్నీ టికెట్లు సాధారణంగా నగదుగా రావు.

డబ్బు రాకపోతే యాప్‌లో ఉన్న ఫిర్యాదుల అధికారి ఈమెయిల్‌కు రాయండి. సమాచార సాంకేతిక (ఐటీ) నిబంధనల ప్రకారం 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, 7 రోజుల్లో పరిష్కరించాలి. అదీ కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. గూగుల్‌లో "కస్టమర్ కేర్ నంబర్" వెతికి ఫోన్ చేయకండి. అక్కడ కనిపించే వాటిలో మోసగాళ్ల నంబర్లు ఉంటాయి, స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టించి ఉన్నది కూడా ఊడ్చేస్తారు.

పన్ను లెక్క ఇది. ఏప్రిల్ 1న యాప్‌లో 10,000 ఉంది, ఏడాదిలో 40,000 వేశారు, 90,000 తీశారు అనుకుందాం. తీసిన దాంట్లోంచి ఆ రెండూ పోను నికర గెలుపు 40,000. అందులో 30 శాతం, అంటే 12,000 యాప్ కోసుకుంటుంది. మార్చి 31న ఇంకా 15,000 మిగిలి ఉంటే, తీయకపోయినా అదీ గెలుపే, మరో 4,500 కోత. మొత్తం 16,500. కానీ మీ అసలు పన్ను 4 శాతం సెస్సుతో కలిపి 17,160. ఆ 660 రూపాయలు మీరే కట్టాలి. ఈ సెస్సు సంగతి చాలామంది మర్చిపోతారు.

ఈ ఆదాయం ఉంటే ఐటీఆర్-1 రిటర్ను ఫారం పనికిరాదు. వేరే వ్యాపారం లేనివాళ్లు ఐటీఆర్-2 వేయాలి. కోచింగ్ ఫీజు, నెట్ బిల్లు తీసేయడానికి వీల్లేదు. పోయిన డబ్బును జీతంలోంచి తగ్గించుకోవడమూ కుదరదు. కొత్త పన్ను విధానంలో చిన్న ఆదాయాలపై పన్ను మాఫీ చేసే రిబేటు దీనికి వర్తించదు కాబట్టి, వేరే ఆదాయం లేని విద్యార్థికైనా పన్ను తప్పదు.

ప్రశ్న: మావాడు వీపీఎన్ (ఉన్న చోటు దాచే యాప్) పెట్టి విదేశీ సైట్‌లో ఆడాడు. గెలిచిన 18,000 బ్యాంకులో పడింది, వారానికి ఖాతా మొత్తం ఫ్రీజ్ అయింది. ఎందుకిలా? – ఒక తండ్రి, విజయవాడ

ఆ 18,000 ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి. సైట్ పేరు ఉండదు. ముక్కూమొహం తెలియని మనిషి పేరో, ఏదో చిన్న దుకాణం పేరో ఉంటుంది. ఇలాంటి సైట్లు మన బ్యాంకుల్లో బహిరంగంగా ఖాతా తెరవలేవు కాబట్టి అద్దె ఖాతాలు వాడతాయి. డిపాజిట్ పేజీలో క్యూఆర్ కోడ్ మాటిమాటికీ మారేది అందుకే. అవే ఖాతాల్లో పార్ట్‌టైం ఉద్యోగాల మోసం, డిజిటల్ అరెస్టు మోసం డబ్బూ తిరుగుతుంది. ఎక్కడో మోసపోయిన మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు ఎవరెవరి చేతులు మారిందో ఆ ఖాతాలన్నీ పట్టుకుంటూ వస్తారు. మీ అబ్బాయి ఖాతా ఆ గొలుసులో చివరి కొక్కెం అయి ఉండొచ్చు. క్రిప్టోను పీటూపీలో (నేరుగా మరో మనిషికి) అమ్మి రూపాయలు తీసుకున్నా ఇదే ప్రమాదం, పైగా క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను.

ఇప్పుడు చేయాల్సింది: బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా నాలుగు వివరాలు అడగండి. ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం ఏ పోలీస్ స్టేషన్, ఎంత మొత్తంపై అభ్యంతరం, ఏ తేదీ. అభ్యంతరం 18,000 మీదే అయితే అంతవరకే ఆపి మిగతాది వదలమని బ్యాంకుకూ, ఆ స్టేషన్ దర్యాప్తు అధికారికీ అర్జీ పెట్టండి. వివాదంలో ఉన్న మొత్తానికే ఆంక్షను పరిమితం చేయాలని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది, మీ వకీలు ఆ తీర్పును చూపించవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయాలి.

అర్జీలో ఏం రాస్తున్నారో జాగ్రత్త. "ఆటలో గెలిచాను" అని రాస్తే విజయవాడలో ఆడినట్టు మీరే ఒప్పుకున్నట్టు. "స్నేహితుడు అప్పు తీర్చాడు" అని రాస్తే అబద్ధం, రేపు అదే మెడకు చుట్టుకుంటుంది. వకీలు చూడకుండా ఒక్క వాక్యం కూడా పంపకండి. డబ్బిస్తే ఖాతా తెరిపిస్తామని ఫోన్లు వస్తాయి, నమ్మకండి. జీతం ఆ ఖాతాలోనే పడుతుంటే వెంటనే వేరే బ్యాంకుకు మార్పించి ఈఎంఐలు కట్టండి.

అబ్బాయి పోయింది రాబట్టుకోవాలని ఇంకా ఆడుతుంటే కసరకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: న్యూజెర్సీలో లైసెన్సున్న సైట్‌లో పోకర్ ఆడతాను. ఉద్యోగం వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌కు మారుతోంది. అక్కడా ఆడొచ్చా? – హెచ్1బీ పాఠకుడు

వద్దు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006 నుంచి ఇంటర్నెట్ జూదం క్లాస్ సీ ఫెలనీ, అంటే తీవ్ర నేరం. గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, 10,000 డాలర్ల జరిమానా. మామూలు ఆటగాళ్లపై కేసులు పెట్టడం అరుదే అయినా, వీసా మీద ఉన్నవాళ్లకు అరెస్టు రికార్డు ఒక్కటి చాలు ఇబ్బంది పడటానికి. న్యూజెర్సీ ఖాతా ఆ రాష్ట్రంలో ఉన్నప్పుడే ఆడనిస్తుంది, వీపీఎన్‌తో దాటాలని చూస్తే ఖాతా మూసి డబ్బు ఆపే హక్కు సైట్ తన షరతుల్లో రాసుకునే ఉంటుంది.

డబ్బు ఇరుక్కుంటే ఎంతకాలం పడుతుందో అమెరికాలోనే చూశాం. 2011 ఏప్రిల్ 15న ఫుల్ టిల్ట్ అనే పోకర్ సైట్‌ను ప్రభుత్వం అడ్డుకున్నాక, అక్కడి ఆటగాళ్లకు చెల్లింపులు మొదలైంది 2014 ఫిబ్రవరిలో. మీరు సామాను సర్దేలోపే బ్యాలెన్సు మొత్తం విత్‌డ్రా చేసి, ఏడాది గెలుపోటముల స్టేట్‌మెంట్ పన్ను కోసం దాచుకోండి.