రాగి నాణెం మీద పచ్చ పొడి: తోమే ముందు ఇది చూడండి

పాత రాగి నాణెం మీద లేత పచ్చ పొడి లేస్తోంది, నిమ్మరసంతో తోమేయొచ్చా అని అడిగారు కదండీ. దయచేసి తోమకండి. ఆమ్లం ఆ పొడితో పాటు అక్షరాలనూ తినేస్తుంది, విలువా పడిపోతుంది. ముదురు రంగులో గట్టిగా, నున్నగా ఉండే పొర అయితే టెన్షన్ అక్కర్లేదు, అది లోహాన్ని కాపాడుతుంది. మీరు చెప్పింది మాత్రం ‘బ్రాంజ్ డిసీజ్’లా (రాగి, కంచు వస్తువులను తినేసే ఒక రకం తుప్పు) ఉంది. లోహంలో చేరిన క్లోరైడ్లు (ఉప్పు లాంటి లవణాలు) గాలిలో తేమ తగిలినప్పుడల్లా నాణేన్ని లోపల్నుంచి తొలిచేస్తుంటాయి. పుల్లతో మెల్లగా తాకితే పొడి రాలి, కింద చిన్న గుంట కనిపిస్తే అనుమానం బలపడినట్టే.

ముందు దాన్ని వేరుగా, గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో పెట్టండి. తేమ 40 శాతం కన్నా తక్కువ ఉంటే చాలావరకు ఆగుతుంది. డబ్బాలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కూడా పెట్టండి, అంచనాలతో పని జరగదు. క్లోరైడ్లు తీసే రసాయనాల జోలికి మీరు వెళ్లొద్దు, అది కన్సర్వేటర్ (పాత వస్తువులను భద్రపరిచే నిపుణుడు) పని. ఇప్పుడే రెండు వైపులా ఫోటోలు తీసి ఉంచితే, పొడి మళ్లీ లేస్తోందో లేదో పోల్చి చూసుకోవచ్చు.