మెస్‌కి సీలు వేశారు, నీళ్ళు చూస్తే మున్సిపాలిటీవే: కేసు గెలుస్తామా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మాది గుంటూరు జిల్లాలో ఒక మున్సిపల్ టౌను. బస్టాండు దగ్గర మా ఆయనా నేనూ చాలా ఏళ్ళ నుంచి మెస్ నడుపుకుంటున్నాం, ఇద్దరు పిల్లల చదువులూ దాని మీదే. ఈ వానాకాలం మా వార్డులో చాలామందికి విరేచనాలు పట్టుకున్నాయి. మా వీధి కుళాయి పైపు మురిక్కాలవలోంచే పోతుంది, అది పగిలి నెలైనా పట్టించుకోలేదు, నీళ్ళు వాసనొస్తున్నాయని కౌన్సిలర్ గారికి కూడా చెప్పాం. చివరికి మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి మీ మెస్‌లో తిన్నవాళ్ళకే వచ్చిందని సీలు వేసి వెళ్ళారు. అదే రోజు ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు చికెన్ 65 శాంపిల్ తీసుకుని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. తర్వాత ల్యాబ్ రిపోర్టు స్పీడ్ పోస్టులో వచ్చింది, వచ్చి మూడు వారాలు దాటింది, అన్‌సేఫ్ అని ఉంది, ఫొటో పంపిస్తున్నా. జూన్‌లో మున్సిపాలిటీ ఒక నోటీసు ఇచ్చింది గానీ అందరికీ ఇచ్చేదే కదా అని పక్కన పడేశాం. వీధిలో అందరూ మమ్మల్ని హంతకుల్లా చూస్తున్నారు, నిద్ర పట్టట్లేదు. హాస్టల్ పిల్లలకి మాత్రం ఇంటి వెనక నుంచి క్యారేజీలు పంపుతున్నాం. తప్పు వాళ్ళది, శిక్ష మాకా? పరువునష్టం కేసు వేయొచ్చా? వంటవాళ్ళకి మెడికల్ సర్టిఫికెట్లు లేవు, తెలిసిన డాక్టరు గారు ఏప్రిల్ తేదీ వేసి ఇస్తానంటున్నారు, అవి చూపిస్తే సీలు తీసేస్తారట. తీసుకోమంటారా?

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటో పెద్దది చేసి మొత్తం చదివాను. మీ ఉత్తరమంతా నీళ్ళ గురించే ఉంది, రిపోర్టులో మాత్రం నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు, విరేచనాల మాట లేదు, బ్యాక్టీరియా మాటా లేదు. రెండో పేజీలో సంతకానికి పైన ఉన్న లైన్లు చదవండి. చికెన్ 65లో సన్‌సెట్ ఎల్లో అనే సింథటిక్ రంగు ఉంది, ఈ పదార్థంలో ఆ రంగు వాడటానికి అనుమతి లేదు, కాబట్టి అన్‌సేఫ్ అని రాశారు. అంటే రేపు మీ మీద కోర్టులో కేసు పడితే అది రంగు కేసు అవుతుంది. పైపు పగిలిందని వీధి మొత్తాన్ని సాక్ష్యానికి తీసుకొచ్చినా, ఆ పైపు మీ చికెన్‌లో రంగు కలపలేదు కదా అని ప్రభుత్వం తరఫున వాదించే పీపీ గారు ఒక్క మాటలో తేల్చేస్తారు. మూడు వారాలు రిపోర్టు ఇంట్లో పెట్టుకుని అందులో ఏముందో చదవకపోవడం చాలా పెద్ద పొరపాటు. ఇంగ్లీషు రాకపోతే డిగ్రీ చదివే పిల్లల చేతనైనా చదివించుకోవాల్సింది.

ఇప్పుడు నాకు కావాల్సింది ఒకే ఒక్క తేదీ, ఆ రిపోర్టు మీ చేతికి ఏ రోజు వచ్చింది? మూడు వారాలు దాటింది అంటే ఇరవై రెండు రోజులా ఇరవై తొమ్మిదా? ఫుడ్ సేఫ్టీ చట్టం 2006లో సెక్షన్ 46(4) కింద ల్యాబ్ రిపోర్టు మీద అప్పీల్ చేసుకునే హక్కు మీకుంది, 2011 రూల్స్ ప్రకారం రిపోర్టు కాపీ అందిన రోజు నుంచి 30 రోజుల్లో ఫారం 8లో డెజిగ్నేటెడ్ ఆఫీసరుకి ఇవ్వాలి. మీ వైపు ఆ పని చూసేది అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్. ఆ 30 రోజులు దాటాక ఆలస్యాన్ని మన్నించండి అని అడిగే దారి మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ తర్వాత కేసంతా ఆ రిపోర్టు నిజమే అనుకుని నడుస్తుంది. కవరు పారేయలేదు కదా? దాని మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది, బార్‌కోడ్ కింద నంబరుతో ట్రాకింగ్‌లో డెలివరీ తేదీ కనిపిస్తుంది, ఈరోజే దాని ప్రింటు తీయించండి, కొన్నాళ్ళు పోతే ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ఉండవు.

అప్పీల్ ఇస్తే ఏమవుతుంది అంటే, ఆ రోజు తీసుకున్న శాంపిల్‌ని నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ల్యాబ్‌లో పరీక్ష చేసే ఫుడ్ అనలిస్టుకి పోతుంది, రెండు డెజిగ్నేటెడ్ ఆఫీసరు దగ్గర ఉంటాయి, నాలుగోది మీరు అడిగితే మీ ఖర్చుతో గుర్తింపు ఉన్న వేరే ల్యాబ్‌కి పంపాలి. అప్పీల్‌లో మీ కారణాలు బాగున్నాయి అనిపిస్తే ఆయన తన దగ్గరున్న భాగాన్ని పై స్థాయి రిఫరల్ ల్యాబ్‌కి పంపిస్తారు, అక్కడ వచ్చిన ఫలితమే ఫైనల్. నాలుగో భాగం వేరే ల్యాబ్‌కి పంపమంటారా అని శాంపిల్ తీసేటప్పుడే అడుగుతారు, మీ చేత సంతకం పెట్టించుకున్న కాగితాల్లో ఆ ప్రశ్న కూడా ఉండి ఉంటుంది, మీరు ఏమని టిక్కు పెట్టారో మీకే గుర్తుండకపోవచ్చు. శాంపిల్ తీసేటప్పుడు ఇచ్చే నోటీసు, అంటే ఫారం 5ఎ, దాని కాపీ మీకు ఇచ్చారా లేదా, సాక్షి సంతకం ఎవరు పెట్టారు, నాలుగు భాగాలకీ మీ ముందే సీలు వేశారా, చికెన్ పాడవకుండా ఏం చేశారు, ఇవన్నీ మీ ఆయనా మీరూ కూర్చుని గుర్తున్నంత వరకు ఈ రాత్రే రాసి పెట్టుకోండి, నెల పోతే సగం మర్చిపోతారు. ఈ విషయాల్లో వాళ్ళ వైపు లోపం ఉంటే మీ డిఫెన్సు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇంకో మాట, దీనికి నిజం చెప్పాలి. మీ వంట మాస్టరుని కూర్చోబెట్టి అడగండి, రంగు వేశాడా లేదా. వేసి ఉంటే రిఫరల్ ల్యాబ్‌లో కూడా అదే వస్తుంది. అయితే అప్పుడు కూడా అప్పీల్ దండగ కాదు, ఎందుకంటే రంగు ఎంత మోతాదులో ఉంది, ఇది అన్‌సేఫ్ అవుతుందా లేక సబ్‌స్టాండర్డ్, అంటే నాణ్యత తక్కువ, దాకానే వస్తుందా అన్నది వాదించుకోవచ్చు. అన్‌సేఫ్ అయితే క్రిమినల్ కోర్టు, జైలు కూడా ఉన్న సెక్షన్ 59. సబ్‌స్టాండర్డ్ అయితే జాయింట్ కలెక్టర్ స్థాయి అధికారి ముందు జరిమానాతో పోతుంది. మీ జీవితానికి ఈ రెండిటికీ మధ్య ఎంత తేడానో చెప్పక్కర్లేదు. రంగు మీరు వేయలేదు, రెడీమేడ్ మసాలా ప్యాకెట్‌లోనే వచ్చింది అంటే ఆ బ్యాచ్ ప్యాకెట్లు మిగిలి ఉంటే విప్పకుండా దాచండి, కొన్న బిల్లులు వెతకండి. ప్యాకెట్ మీద ఫుడ్ కలర్ అని రాసుందిగా అనే వాదన పనికిరాదు. మనకి అనుమతి ఉన్న సింథటిక్ రంగులు ఎనిమిదే, అవి కూడా కొన్ని పదార్థాల్లోనే, చాలావాటిలో కిలోకి 100 మిల్లీగ్రాముల లోపు వాడాలి, వండిన చికెన్ ఆ లిస్టులో లేదు. ఎవరైనా కాంపౌండింగ్ ఫీజు, అంటే కోర్టుకి పోకుండా డబ్బు కట్టి కేసు ముగించుకోవడం, కట్టేస్తే అయిపోద్ది అని చెప్తే నమ్మకండి, జైలు శిక్ష ఉన్న నేరానికి ఆ చట్టంలో కాంపౌండింగ్ లేదు.

ఇక ఆ మెడికల్ సర్టిఫికెట్లు. వద్దు, ఆ డాక్టరు గారి గుమ్మం తొక్కొద్దు. వంటవాళ్ళకి ఏడాదికోసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ లాంటి పేగు జబ్బులకి టీకా ఉండాలని రూలు ఉంది, అవి లేకపోవడం లోపమే, కానీ సరిదిద్దుకోగలిగిన లోపం. ఏప్రిల్ తేదీతో దొంగ సర్టిఫికెట్ పెట్టారనుకోండి, ఆ రోజు ఓపీ రిజిస్టర్ చూపించమంటారు, రక్తపరీక్ష చేసిన ల్యాబ్ స్లిప్పు అడుగుతారు, వంటవాడిని పిలిచి ఏ రోజు వెళ్ళావురా అంటే వాడు ఒక్క నిమిషంలో నిజం చెప్పేస్తాడు. అప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) కింద దొంగ సర్టిఫికెట్ కేసు మీ మీదా డాక్టరు మీదా పడుతుంది, అప్పటిదాకా మీ వైపు ఉన్న కాస్త నిజాయితీ కూడా పోతుంది, తర్వాత పైపు గురించి మీరు నిజమే చెప్పినా జడ్జి గారు నమ్మరు. రేపు పొద్దున్నే వంటవాళ్ళందరినీ గవర్నమెంట్ ఆస్పత్రికి తీసుకెళ్ళి రేపటి తేదీతోనే సర్టిఫికెట్ తీసుకోండి, సీలు తీయించే అర్జీకి అదే పనికొస్తుంది. వెనక నుంచి క్యారేజీలు పంపడం కూడా ఈ పూటతో ఆపేయండి. సీలు ఉండగా వ్యాపారం చేస్తే బీఎన్‌ఎస్ 223 కింద మరో కేసు, పైగా ఆ హాస్టల్లో ఒక్క పిల్లాడికి కడుపునొప్పి వచ్చినా అది మీ మీదకే వస్తుంది.

సీలు మున్సిపాలిటీ వాళ్ళు వేశారని రాశారు గానీ, ఎవరి సంతకంతో వేశారో రాయలేదు, తలుపు మీద అంటించిన కాగితం చూసి చెప్పండి. మున్సిపల్ కమిషనర్ సంతకం ఉంటే ట్రేడ్ లైసెన్సు, ప్రజారోగ్యం కింద వేసినట్టు, డెజిగ్నేటెడ్ ఆఫీసరు సంతకం ఉంటే ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 34 కావచ్చు. 34 కింద ఉత్తర్వు అయితే లోపాలు సరిచేశామని మీరు దరఖాస్తు పెట్టిన 7 రోజుల్లో ఆయన తృప్తి పడితే సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకపోతే ఎందుకు ఇవ్వట్లేదో 10 రోజుల్లో రాసి చెప్పాలి. మున్సిపాలిటీది అయితే జూన్ నోటీసులో అడిగినవి ఒక్కొక్కటీ చేసి, ట్యాంకు కడిగిన ఫొటోలు, సర్టిఫికెట్లు, లైసెన్సు ఫీజు రసీదు జతచేసి కమిషనర్ గారికి అర్జీ ఇవ్వండి. కాగితమే అంటించకుండా నోటిమాటతో తాళం వేసి ఉంటే, ఆర్డరు కాపీ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి, అప్పటికీ ఇవ్వకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు.

ఆ జూన్ నోటీసు ఎక్కడ పడేశారో వెతకండి. వానలు మొదలవ్వకముందే ఊళ్ళో హోటళ్ళకీ టిఫిన్ సెంటర్లకీ అది ఇచ్చేది విరేచనాలు రాకుండా ముందు జాగ్రత్తగానే. గుంటూరులో 2018లో కలుషితమైన కుళాయి నీళ్ళకి జనం చనిపోయారు, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ఎంత భయం పుట్టించిందో మీరు టీవీలో చూసే ఉంటారు, అలాంటి నోటీసుని అందరికీ ఇచ్చేదేగా అని పక్కన పెట్టడం తప్పమ్మా. మిమ్మల్ని ముందే హెచ్చరించాం అనడానికి వాళ్ళకి అదే సాక్ష్యం. కానీ అది రెండు వైపులా పనిచేస్తుంది, హోటళ్ళని నీళ్ళు జాగ్రత్త అన్నవాళ్ళు తమ పైపు ఎందుకు చూసుకోలేదు అని మీరు అడగడానికీ అదే కాగితం కావాలి.

పైపు సంగతి వదిలేయమని నేను అనట్లేదు, అది రెండో పని. కౌన్సిలర్ గారికి నోటితో చెప్పింది సాక్ష్యం కాదు. ఆ పైపు ఇంకా బాగుచేయకపోతే తేదీ కనపడేలా వీడియో తీయండి, బాగుచేసేశారంటే ఆ పని ఎం-బుక్కులో, అంటే పనుల కొలతల పుస్తకంలో, రాస్తారు. 10 రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ పెట్టి మీ వార్డు క్లోరిన్ టెస్టు రిజిస్టరు, విరేచనాలు వచ్చిన వారాల్లో చేసిన నీటి పరీక్షల రిపోర్టులు, పైపు రిపేరు ఎం-బుక్కు కాపీ అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. కుళాయి చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఈ-కోలి బ్యాక్టీరియా అసలు కనపడకూడదు, ఆ రిజిస్టర్లో ఆ రోజుల అంకెలు తక్కువుంటేనో ఖాళీగా ఉంటేనో విరేచనాలు మీ మెస్ వల్ల కాదని చెప్పుకోడానికి బలం వస్తుంది. పరువునష్టం కేసు ఇప్పుడు వేయొద్దు, అన్‌సేఫ్ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆ కేసు వేస్తే ఆ రిపోర్టుని మీరే కోర్టులో చదివించుకున్నట్టు అవుతుంది. సివిల్ దావాకి ఏడాది గడువుంది, ఆలోచించుకోడానికి టైముంది.

రంగు కేసు వేయడానికి వాళ్ళకీ గడువుంది, సెక్షన్ 77 ప్రకారం శాంపిల్ తీసిన రోజు నుంచి ఏడాది, ఫుడ్ సేఫ్టీ కమిషనర్ కారణాలు రాసి పొడిగిస్తే మూడేళ్ళు. కాబట్టి సమన్లు రాలేదని నిశ్చింతగా కూర్చోవద్దు.

రేపు ఉదయం రిపోర్టు, కవరు, ఫారం 5ఎ, ఫుడ్ లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ కాగితం, మసాలా బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకుని మీ జిల్లా కోర్టులో ఫుడ్ కేసులు చేసే లాయర్ని కలవండి. ఫారం 8 రెండు కాపీలు తీయించి ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ, తీసుకున్నవాళ్ళ సంతకం వేయించుకోండి. సార్ క్యాంపుకి వెళ్ళారు రేపు రండి అంటే వెనక్కి రావద్దు, అదే రోజు అక్కడి పోస్టాఫీసులోనే అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టు చేసి ఆ రసీదు మీ దగ్గర ఉంచుకోండి.