హార్డ్ బాప్ (1950లలో వచ్చిన ఒక జాజ్ శైలి) పాటలు నేర్చుకున్నాం, సోలోలు బాగానే వస్తున్నాయి, కానీ ఆ పాత రికార్డుల ఊపు రావడం లేదు. లోపం ఎక్కడ?

ట్రంపెట్, టెనార్ శాక్సఫోన్, పియానో, డబుల్ బేస్, డ్రమ్స్ ఉన్నాయని రాశారు. 1958లో డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందం జాజ్ మెసెంజర్స్ 'మోనిన్' రికార్డు చేసింది సరిగ్గా ఈ ఐదింటితోనే. సోలోలు కుదిరీ ఊపు రాలేదంటే, నా అనుభవంలో లోపం హెడ్‌లోనే, అంటే సోలోలకు ముందూ వెనుకా అందరూ కలిసి వాయించే అసలు బాణీలోనే ఉంటుంది. ట్రంపెట్, టెనార్ ఇద్దరూ స్వరాన్ని కలిసి ఎత్తుకుంటారు, కలిసి వదలరు. ఒకరు నాలుగో బీట్ దాకా లాగితే ఇంకొకరు మూడుకే స్వరం వదిలేస్తారు. ఆ రికార్డులో లీ మోర్గన్ (ట్రంపెట్), బెనీ గోల్సన్ (టెనార్) ఎక్కడ వదిలారో విని, ప్రతి పొడవాటి స్వరానికీ ఆగే బీట్‌ను పెన్సిల్‌తో రాసుకోండి.

మొదట ఆ పాటనే పట్టండి. ఎఫ్ మైనర్, 32 బార్లు. ఎత్తుగడలో పియానో పిలిస్తే మిగతావాళ్లు రెండు కార్డ్‌లతో (ఒకేసారి మోగే స్వరాల గుత్తులతో) బదులిస్తారు. చర్చిలో పాట చివర వచ్చే 'ఆమెన్' అదే. భజనలో కోరస్ అందుకున్నట్టు ఆ బదులు ఒక్క గొంతుగా పడాలి. ఇక్కడ తడబడితే సోలోలు ఎంత బాగున్నా పాట నిలబడదు.

ట్రంపెట్, టెనార్ రెండూ బి ఫ్లాట్ వాద్యాలు (ఎఫ్ మోగాలంటే జి అని రాయాల్సినవి) కాబట్టి ఇద్దరి కాగితం మీదా జి మైనరే. కానీ ఒకే లైన్ చదివితే టెనార్ ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద మోగుతుంది. సమస్వరం కావాలంటే టెనార్‌కు ఆక్టేవ్ పైన రాయాలి. బ్రిడ్జ్‌లో (పాట మధ్యలో బాణీ మారే భాగంలో) థర్డ్ లేదా సిక్స్త్ (మూడు లేదా ఆరు స్వరాల ఎడం) కింద రెండో గొంతు రాస్తే ధ్వని చిక్కబడుతుంది. ట్రాంబోన్‌ను ఇప్పుడే చేర్చకండి. బ్లేకీ కూడా ట్రాంబోన్ వాద్యకారుడు కర్టిస్ ఫుల్లర్‌తో మూడు హార్న్‌ల (ఊదే వాద్యాల) బృందానికి వెళ్లింది 1961లోనే. న్యూయార్క్‌లో 1997లో మొదలైన 'వన్ ఫర్ ఆల్' ఆ కూర్పునే అందుకుంది. తర్వాతి మెట్టుకు అది మంచి పాఠం.

డ్రమ్స్‌లో హై-హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) 2, 4 బీట్ల మీద కాలితో గట్టిగా మూసుకోవాలి. నిమిషానికి 120 బీట్ల వేగానికి మెట్రోనోమ్‌ను 60కి పెట్టి, ఆ టిక్కులనే 2, 4గా లెక్కపెట్టి అందరూ సాధన చేయండి. ప్రెస్ రోల్ (పుల్లలను స్నేర్ డ్రమ్‌కు అదిమి వేసే మోత) కోరస్ (పాట మొత్తం ఒక చుట్టు) చివర, కొత్త సోలో మొదలయ్యే ముందు మాత్రమే. ప్రతి ఎనిమిది బార్లకూ వేస్తే దాని బలం పోతుంది. సోలో మూడు కోరస్‌లు దాటనివ్వకండి.

ఫోన్‌ను పది అడుగుల దూరంలో పెట్టి రికార్డు చేయండి. రైడ్ సింబల్ మోగుతూ బేస్ స్వరాలు విడిగా తెలియకపోతే బేస్ ఆంప్ పెంచకండి, రొద ఇంకా పెరుగుతుంది. రైడ్‌నే తగ్గించమనండి.